మళ్ళీ మళ్ళీ కాలే మోటారు

ఫిబ్రవరి నెల వచ్చేసరికి పట్టణాలలోని మోటారు వైండింగు దుకాణాల ముందు ట్రాక్టర్లు, ఆటోలు బారులు తీరడం బోర్లపై ఆధారపడిన మన ప్రాంతాలలో ఏటా కనిపించే దృశ్యమే. రబీ వరి పొట్టకు వచ్చే వేళకు మోటారు కాలిపోతుంది. రైతు దానిని బోరులోనుండి తీయించి, దుకాణానికి చేర్చి, రాగితీగ చుట్టించి, తిరిగి దింపించేసరికి మూడు నాలుగు రోజులు గడుస్తాయి. ఈలోగా మడి బీటలు వారుతుంది. బ్యాంకు వాయిదాకు అట్టిపెట్టిన సొమ్ము రాగితీగకు ఖర్చవుతుంది. ఇంతా చేస్తే మరుసటి ఏడు, ఒక్కొక్కప్పుడు ఆ నెలలోనే, అదే మోటారు అదే దుకాణానికి తిరిగి వస్తుంది.

ఇక్కడ జరుగుతున్నది మరమ్మతే గాని పరిష్కారం కాదు. ఈ భేదాన్ని జపానులోని టొయోటా సంస్థకు చెందిన ఇంజనీరు తాయిచీ ఓనో 1978లో వెలువడిన తన గ్రంథంలో ఒక ఉదాహరణతో వివరించారు. చిత్రమేమంటే అది కూడా ఫ్యూజు, పంపులకు సంబంధించినదే. యంత్రం ఎందుకు ఆగింది? భారం ఎక్కువై ఫ్యూజు పోయింది. భారం ఎందుకు పెరిగింది? బేరింగుకు నూనె చాలలేదు. నూనె ఎందుకు చాలలేదు? నూనె పంపు సరిగా తోడడం లేదు. అది ఎందుకు తోడడం లేదు? దాని ఇరుసు అరిగిపోయింది. ఎందుకు అరిగింది? జల్లెడ అమర్చనందువలన లోహపు పొడి లోపలికి చేరింది. మొదటి ప్రశ్నతో ఆగినవాడు ఫ్యూజు మారుస్తాడు, కొన్నాళ్ళకు మరల మారుస్తాడు. అయిదవ ప్రశ్న దాకా వెళ్ళినవాడు జల్లెడ బిగిస్తాడు.

ఇదే వరుసను మన పొలానికి అన్వయించి చూద్దాం. మోటారు ఎందుకు కాలింది? నామఫలకంపై ముద్రించిన ఆంపియర్లకు మించి కరెంటు లాగినందున వైండింగు వేడెక్కింది. ఎందుకు లాగింది? వోల్టేజి పడిపోయి ఉండవచ్చు. మూడు ఫేజులలో ఒకటి తెగి మిగిలిన రెంటిపై భారం పడి ఉండవచ్చు. ఇసుక చేరి పంపు బిగుసుకొని ఉండవచ్చు. ఏది జరిగినా మోటారును ఆపవలసిన రిలే స్టార్టరులో ఉండనే ఉంది గదా, అది ఏమి చేసింది? మాటిమాటికీ ట్రిప్పవుతున్నదని దానిని తప్పించి ఎవరో ‘డైరెక్టు’ చేశారు. ఫ్యూజు నిలవడం లేదని లావుపాటి తీగ చుట్టారు. దొంగ వచ్చినప్పుడు మొరుగుతున్నదని కాపలా కుక్కనే కొట్టి తరిమినట్లయింది.

ఇంకొక మెట్టు దిగితే ప్రశ్న ఇబ్బందికరంగా మారుతుంది. వోల్టేజి ఎందుకు పడిపోతున్నది? 63 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు మీద 5 హెచ్.పి. మోటార్లు పది ఉంటే అది మోయగలదు. కాగితంపై అయిదు అని వ్రాయించి పొలంలో ఏడున్నర హెచ్.పి. బిగిస్తే మోయలేదు. నీటిమట్టం దిగిపోయినప్పుడు పెద్ద మోటారు అవసరమైన మాట నిజమే. అయితే ఆ పెంపును నమోదు చేయించుకొనకపోతే శాఖవారి లెక్కలో ఆ ట్రాన్స్‌ఫార్మరు చాలినట్లే ఉంటుంది. దీనికి తోడు ఆటో స్టార్టర్లు. సరఫరా వచ్చిన మరుక్షణం అన్ని మోటార్లూ ఒక్కసారిగా లేస్తాయి. నేరుగా లేచే మోటారు ఆ క్షణంలో మామూలుకు అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రారంభమైనప్పుడు ఆటో స్టార్టర్లను తొలగించవలసిందిగా రైతులను కోరడానికి ఈ భారం కూడా ఒక కారణం.

కెపాసిటరు విషయంలోనూ ఇదే చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఉచిత విద్యుత్తు ఆరంభమైన తరువాత కెపాసిటరు, ఐ.ఎస్.ఐ. ముద్రగల పంపుసెట్టు, ఘర్షణ తక్కువగల ఫుట్‌వాల్వు, ప్లాస్టిక్ గొట్టాలు అమర్చుకొనాలని షరతులు విధించారు. కెపాసిటరు పెట్టినా ఫలితం కనబడలేదనే రైతులు ఉన్నారు. వారు అబద్ధమాడడం లేదు. కెపాసిటరు తగ్గించేది లైనులో ప్రవహించే కరెంటును. తద్వారా చివరి మోటారు వద్ద వోల్టేజి కొంత నిలుస్తుంది. ఒక్కరు పెడితే ఆ తేడా కంటికి ఆనదు, ఆ ట్రాన్స్‌ఫార్మరు కింది వారందరూ పెట్టాలి. పొడవైన లో టెన్షన్ లైన్లకు బదులు 11 కె.వి. లైనునే పొలం దాకా తెచ్చి, రెండు మూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు అమర్చే పద్ధతి వోల్టేజి సమస్యను ఇంకా మూలంలో తాకుతుంది. ఎవరి ట్రాన్స్‌ఫార్మరుపై ఎంత భారమున్నదో ఆ ఇద్దరు ముగ్గురికీ తెలుస్తుంది కూడా.

ఇక డీలరు సోదరుల మాట. కాలిన మోటార్ల వలన వైండింగు దుకాణానికి రాబడి ఉన్నదేమో గాని, పంపుసెట్లు ఉద్దెరకు ఇచ్చిన డీలరుకు మిగిలేది మొండిబాకీయే. పంట ఎండిన రైతు పాతబాకీ ఎక్కడినుండి తీరుస్తాడు? కనుక ఒక చిన్న పనిని డీలర్లే మొదలుపెట్టడం లాభసాటి. మరమ్మతుకు వచ్చిన ప్రతి మోటారుకూ ఒక పుస్తకంలో ఒక వరుస వ్రాయాలి: తేదీ, గ్రామం, ట్రాన్స్‌ఫార్మరు సంఖ్య, వైండింగు ఏ విధంగా కాలింది, స్టార్టరులో రిలే ఉన్నదా లేదా. వైండింగు అంతా ఒకేవిధంగా నల్లబడితే అధికభారం. కొన్ని చుట్లు మాత్రమే కాలి తక్కినవి నిగనిగలాడుతుంటే ఫేజు పోయినట్లు అనుమానించవచ్చు. పనివానికి ఇది తెలుసు, వ్రాసిపెట్టే అలవాటే లేదు.

ఒక పంటకాలం గడిచాక ఆ పుస్తకం తిరగవేస్తే ఒకే ట్రాన్స్‌ఫార్మరు సంఖ్య నాలుగైదు చోట్ల కనిపించవచ్చు. అప్పుడు లోపం ఏ ఒక్క మోటారుదో కాదని తేలుతుంది. ఆ పుటతో ఆ ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులందరూ కలసి, తమ అసలు హెచ్.పి.లను కూడా దాచకుండా వ్రాసి, విద్యుత్ సెక్షన్ కార్యాలయానికి వెళ్ళాలి. కొత్త పంపుసెట్టుకు రుణం కోరేవారు బ్యాంకుకు కూడా ఆ వివరం తెస్తే మంచిది. మోటారు మార్చడం వలన ప్రయోజనమున్నదా, లేక స్టార్టరు, కేబులు సరిచేస్తే చాలునా అన్నది అధికారి, రైతు కూర్చొని తేల్చుకొనవచ్చు.

ఈ పనికి ఫిబ్రవరి తగిన సమయం కాదు. అప్పుడు ప్రతివానికీ తన మడి తడపడమే లోకం. ఖరీఫ్ కోతలు ముగిసి, రబీ నారు పోయకముందు బోర్లకు కొంత విశ్రాంతి దొరుకుతుంది. ఆ రోజులలోనే రిలేలు తిరిగి బిగించుకొని, లావు తీగలు తీసివేసి, కెపాసిటర్లకు అందరూ కలసి చందా వేసుకొనాలి.