ఇప్పచెట్టు క్రింద చుట్టరికము

రంగూను రేవున దిగిన తెలుగు కూలీకి అచ్చటి అంగడిలో గోంగూర కనబడెడిది. బర్మావారు దానిని చిన్‌బౌంగ్ అందురు. మనకంటె ఎక్కువగానే వండుకొందురు. భాష తెలియని ఊరిలో ఆ పుల్లని ఆకు అతనికి మొదటి చుట్టము. 1959 తరువాత క్యూబా ద్వీపమును విడిచి అమెరికాలోని మయామీ నగరము చేరినవారికి అట్టి అదృష్టము దానంతట అది దొరకలేదు. వారు ఒక వీధికి వీధినే తమదిగా చేసికొని, నల్ల చిక్కుళ్ళు, అన్నము, చిక్కని కాఫీ అమ్ము దుకాణములను తామే పెట్టుకొనిరి. భద్రాచలమునకు ఎగువ అడవులలో ఇరువదేండ్లుగా జరుగుచున్న కథ ఈ రెంటికిని కొంత దగ్గర, కొంత దూరము. ఇక్కడికి వచ్చినవారికి వీధి లేదు, దుకాణము లేదు. అడవియే వారి అంగడి.

2005 జూన్ మాసమున అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం తలయెత్తినది. మరుసటి సంవత్సరారంభమునకు అది కుంట ప్రాంతమునకు ప్రాకెను. ఒక వంక మావోయిస్టులు, మరియొక వంక ప్రభుత్వము ఆయుధములిచ్చిన ప్రత్యేక పోలీసులు. నడుమ కాలిన పల్లెలు. శిబిరములకు పోనొల్లనివారు వేలకొలది శబరి దాటియు, తాలిపేరు వెంట దిగియు చింతూరు, చర్ల, దుమ్ముగూడెము అడవులను చేరిరి. ఆ ప్రత్యేక పోలీసుల నియామకము రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అయినను వచ్చినవారిలో పెక్కుమంది ఇక్కడనే నిలిచిరి. ఇక్కడివారు వారిని గుత్తికోయలందురు. వారు మాత్రము తమను కోయలమనియో, మురియాలమనియో చెప్పుకొందురు.

ఈ దిక్కునకే ఏల వచ్చిరన్న ప్రశ్నకు దారి దగ్గరని చెప్పుట సగము జవాబు మాత్రమే. మిరప కోతలకు మాఘ ఫాల్గుణములలో గోదావరి లంకలకు వచ్చిపోవు అలవాటు బస్తరు కూలీలకున్నది. కనుక బాట తెలిసినదే. అంతకంటె బలమైన కారణము భాష. నీటిని మనము ఏటిలో చూచి ‘ఏరు’ అందుము. వారు కడవలో నున్న నీటిని సైతము ‘ఏరు’ అనియే అందురు. మన పండుగ వారికి ‘పండుము’. శబరికి ఆవలి మడకము, సోడి, మడివి, కుంజము వంటి ఇంటిపేర్లే కొద్దిపాటి ఉచ్చారణ భేదముతో ఈవలను వినవచ్చును. భద్రాచలము కోయలలో మూడవ గట్టు మొదలు ఏడవ గట్టు వరకు ఐదు గట్టులు కలవు. ఒకే గట్టువారు అన్నదమ్ములు. వేరు గట్టువారితోనే వియ్యము. బస్తరు వైపున పేర్లు మారినను అన్నదమ్ముల వంశములు, వియ్యపు వంశములు అను విభజన అదియే. కావున ముఖమెరుగని మనుష్యుడు వాకిట నిలిచినప్పుడు అతనిని ‘దాదా’ అనవలెనో, ‘బావా’ అనవలెనో తేల్చుటకు ఇంటిపేరు చాలును. ఆ ఒక్క మాట తేలిన పిదప జావ దొప్ప చేతికందుట ఆలస్యము కాదు.

ఇది కొత్త బాటయు కాదు. తమ పెద్దలు బస్తరు ఎగువ నేలనుండి దిగివచ్చిరను ఐతిహ్యము భద్రాచలము కోయలలోనే కలదు. హద్దులు మాత్రము పలుమారులు కదలినవి. భద్రాచలము, రేకపల్లి తాలూకాలు 1874 వరకు మధ్యపరగణాలవి. పిమ్మట మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లావి. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా అయినది. పటములు గీచినవారిలో ఒక్కడైనను ఇప్పచెట్టు ఏ ప్రక్క పడినదో చూచినట్లు లేదు.

ఇప్ప అనగానే పట్టణవాసికి సారాయే జ్ఞాపకము వచ్చును. ఇది ఆ చెట్టునకు అపచారము. ఫాల్గుణ చైత్రములలో తెల్లవారకమున్నే కండగల లేతపసుపు పూలు టపటప రాలును. ఇంటిల్లిపాది బుట్టలతో వెళ్ళి, ఎండ ముదురకముందే ఏరి తెచ్చి, వాకిట ఆరబోయుదురు. ఎండిన పూవు ద్రాక్షవలె ముడుతలు పడి నెలల తరబడి నిలువయుండును. వేయించిన చింతగింజలతో కలిపి ఉడికించినచో వానల నాళ్ళలో అదియే ఒక పూట భోజనము. వేసవి చివరకు కాయలు పండును. గింజనుండి తీయు నూనె కూరకును, దీపమునకును, ఒడలికిని పనికివచ్చును. సారా దేవతకు పోయక తప్పదు. మిగిలినది మనుష్యులు త్రాగుట దాచవలసిన సంగతి కాదు.

ఇక్కడనే వలస వచ్చినవాని కష్టము మొదలగును. ఊరికి చేరువనున్న ఇప్పచెట్టు అడవి చెట్టేయైనను అనాథ కాదు. ఫలాని ఇంటివారు ఏరుకొనునది అను వాడుక ఉండును. కొత్తవాడు బుట్ట పట్టుకొని దాని క్రిందకు పోజాలడు. ‘ఆ వాగు ప్రక్క చెట్టు ఈ ఏడు మీరేరుకొనుడు’ అని చెప్పు బంధువొకడు కావలెను. వనవాసికి పండ్లు పెట్టిన శబరి పేర నది పారుచున్న సీమలో ఆ మాట అనువారు లేకపోలేదు. కాని పూలు కనబడుటకై చెట్టు క్రింది ఆకులకు నిప్పు పెట్టుటను అటవీశాఖవారు ఒప్పుకొనరు. ఆ నిప్పు అడవికి ప్రాకినచో నింద మొదట కొత్తవానిపైననే పడును.

చింతపండు, తునికి పండ్లు, మొర్రి పండ్లు, వెదురు కొమ్ములు, కొర్రలు, సామలు రెండు వైపులను ఒక్కటే. ఆకులు కుట్టి గూడు కట్టు ఎర్రచీమలను గ్రుడ్లతోసహా మిరపకాయ, ఉప్పు వేసి నూరు పచ్చడిని బస్తరులో ‘చాపడా’ అందురు. ఈ అడవిలోను మామిడి కొమ్మకు ఆ గూళ్ళు వ్రేలాడుచునే యుండును. సొరబుర్రలో పోసిన జావ నడివేసవిలోను చల్లగా నిలుచును. కనుకనే ప్లాస్టిక్కు సీసాలు వచ్చినను సంతలో భుజమునుండి బుర్ర దిగలేదు. దొరకనిది కూడ ఒకటి చెప్పవలెను. దర్భా, జగదల్‌పూర్ సాలవనములలో తొలకరికి నేలలోనుండి ‘బోడా’ అను గుండ్రని పుట్టకుక్క జాతి వెలువడును. సాలవృక్షము వ్రేళ్ళతో దానికి పొత్తు. మన గోదావరి అడవి టేకు అడవి. ఇక్కడ సాలము లేదు, బోడా లేదు. కుంట సంతలో దానిని కొని తిన్న నాలుక తొలివాన పడినప్పుడు ఏమని తలచునో ఊహింపవచ్చును.

చుట్టరికమునకును ఒక మేర కలదు. రాత్రికి ఆశ్రయమిచ్చిన ఊరు, పది సంవత్సరముల తరువాత పోడు తన అంచుదాక వచ్చినప్పుడు వెనుకటివలె పలుకరింపదు. చలమ ఒక్కటే అయినచోట కడవలు రెండింతలైనవి. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలమున అటవీశాఖ నాటిన మొక్కల తగవులో ఒక రేంజి అధికారి ప్రాణములు కోల్పోయెను. చంపినవారు ఈ వలసదారులే. అది ఎట్లును సమర్థింపరానిది. అయితే గూడెములోనివారినందరిని పంపివేయవలెనని గ్రామపంచాయతి తీర్మానించినప్పుడు, ఇద్దరి నేరమునకు పసిబిడ్డలదాక పాలు పంచినట్లయినది.

కాగితముల సంగతి ఇంకను విచిత్రము. శబరికి ఆవల షెడ్యూల్డు తెగవాడైనవానికి ఈవల ఆ ధ్రువపత్రము లేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము 2005 డిసెంబరు 13కు పూర్వము సాగులో నున్న భూమికే పట్టా నిచ్చును. కుంట పల్లెలు కాలుట 2006లో. అనగా ఇల్లు కాలకముందే రానివానికి హక్కు లేదన్నమాట! బడిలో పిల్లలు తెలుగు అక్షరములు దిద్దుచున్నారు. ఆవలి హిందీ వారికి రాదు. 2019లో కొన్ని కుటుంబములు సుక్మా జిల్లాలోని మరాయిగూడకు తిరిగి వెళ్ళినవి. మిగిలినవారు పోవుటయా, నిలుచుటయా యని తేల్చుకొనలేదు.

బస్తరువారు ‘సల్ఫీ’ అను చెట్టును మనము జీలుగు అందుము. వియ్యమైనను, పండుమైనను దాని కల్లు లేక వారికి తీరదు. సొరతీగ నాటిన ఏడే కాచును. జొన్న నాలుగు నెలలలో చేతికి వచ్చును. జీలుగు మొక్క గీతకు వచ్చుటకు పది పదునైదేండ్లు పట్టును. శబరి దాటిన యేటనే ఎవరైన దానిని నాటియుండినచో, ఈపాటికి దాని క్రింద కుండ కట్టుచుందురు.