ఒంటె ముద్ర చెంచాలూ దేవనహళ్ళి కోటా

బెంగళూరులో విమానం దిగామనుకునే తెలుగువాళ్ళు నిజానికి దిగేది దేవనహళ్ళి పొలిమేరలో. హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రంతా ప్రయాణించే బస్సులు కూడా తెల్లవారుతుండగా ఈ ఊరి పక్క నుంచే వెళతాయి. 2008 మేలో అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి దేవనహళ్ళి అంటే రన్‌వేలు, భూముల ధరలు, లేఅవుట్ల బోర్డులు. అంతకు ముందు పంపరపనస పళ్ళకు పేరు. ఇక్కడి పంపరపనసకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఈ రెంటికీ మధ్య, ఊరి నడిబొడ్డునే, ఒక రాతి కోట ఉంది. ఆ కోట ముందు నుంచి సాగిపోయిన ఒక సైన్యం వల్ల ఈ ఊరికి, ఐరోపా వాయవ్య కొసన ఉన్న చిన్న చిన్న ఊళ్ళకు ఒక చుట్టరికం కలిసింది. ఆ ఊళ్ళ పేర్లు ఇవాళ పాత వెండి సేకరించేవాళ్ళ నోట ఎక్కువగా వినిపిస్తాయి. కారణం అక్కడి కంసాలులు చేసిన చెంచాలు.

ముందు కోట చూద్దాం. దాదాపు గుడ్డు ఆకారంలో, ఇరవై ఎకరాల మేర ఉంటుంది. చుట్టూ గోడకు అర్ధచంద్రాకారపు బురుజులు పన్నెండు. రాతి గోడ మీద ఇటుక, సున్నంతో కట్టిన పిట్టగోడలు, వాటిలో తుపాకి గొట్టం పట్టేంత కంతలు. తూర్పున ఒకటి, పడమర ఒకటి ద్వారాలు. ఏనుగులు, ఫిరంగులు పోయే రాజమార్గాన్ని ఊహించుకుని వెళితే ఆశ్చర్యం కలుగుతుంది, దారి అంత ఇరుకు. లోపల అడుగుపెడితే మ్యూజియం ఉండదు, ఊరే ఉంటుంది. ఇళ్ళు, ముగ్గులు, అరుగులు, స్కూటర్లు, వేణుగోపాలస్వామి గుడి. కన్నడంతో పాటు తెలుగూ వినిపిస్తుంది, ఎందుకంటే ఇది రెండు భాషలూ కలిసిపోయిన పాత మొరసునాడు.

1501లో ఇక్కడ మట్టికోట కట్టించిన మల్లభైరేగౌడ, పక్కనే ఉన్న ఆవతి నాడప్రభువుల వంశంవాడు. కాంచీపురం వైపు నుంచి వలస వచ్చి ఆవతిలో స్థిరపడ్డ మొరసు ఒక్కలిగలు వాళ్ళు. తెలుగూ కన్నడమూ రెండూ ఇంటి భాషలైన జనం. బెంగళూరు కట్టించిన కెంపేగౌడ మూలాలు కూడా అక్కడివే. 1749లో మైసూరు సేన ఈ కోటను ముట్టడించినప్పుడు హైదర్ అలీ అనే సైనికుడు మొదటిసారి పైవాళ్ళ కంట పడ్డాడు. ఆ తరువాత కొద్దికాలానికే కోటకు కూతవేటు దూరంలో అతనికి కొడుకు పుట్టాడు. ఆ చోట ఇప్పుడు స్తంభాల చిన్న మంటపం, ఒక శిలాఫలకం ఉన్నాయి. ఆ పిల్లవాడే టిపు సుల్తాన్. మట్టికోటను రాతితో మళ్ళీ కట్టించింది హైదర్ అలీయే.

ఇక 1791. మార్చి 21 రాత్రి టిపు మీద యుద్ధానికి వచ్చిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సైన్యం బెంగళూరు కోటను పట్టుకుంది. వారం తరువాత, హైదరాబాద్ నుంచి వస్తున్న నిజాం గుర్రపు దళాలను కలుసుకోవడానికి ఉత్తరంగా కదిలింది. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం కోటలు పోరాటం లేకుండానే లొంగిపోయాయి. ఆ సైన్యంలో 71, 72 నంబర్ల హైలాండ్ రెజిమెంట్లు ఉన్నాయి. రెండూ 1778లో, స్కాట్లాండ్ ఉత్తర భాగంలోని ఎల్గిన్ అనే చిన్న పట్టణంలో కూడగట్టినవే. మొదటిదాన్ని లేపిన లార్డ్ మెక్లౌడ్ కొద్ది వారాల్లోనే 840 మంది హైలాండర్లను పోగుచేశాడని చరిత్రకారులు రాశారు. 1791 అక్టోబరులో, దేవనహళ్ళి నుంచి చూస్తే కనిపించే నంది కొండ మీది కోటను ఎక్కిన దళాల్లోనూ 71వ రెజిమెంటువాళ్ళు ముందున్నారు. 1,478 మీటర్ల ఎత్తున్న ఆ కొండను పట్టుకోవడానికి సుమారు మూడు వారాలు పట్టింది.

ఎల్గిన్, ఇన్వర్నెస్, టేన్. ఈ సైనికుల్లో చాలామందివి ఆ పరిసరాలే. అక్కడి ఇళ్ళలో అప్పుడు భోజనాల బల్ల మీద ఏముండేదో తెలుసుకోవడం మొదలుపెడితే, స్కాట్లాండ్ జిల్లా వెండి అనే లోకం తెరుచుకుంటుంది.

వెండి వస్తువు స్వచ్ఛమైనదా కాదా అన్నది కొనేవాడికి కంటితో తెలియదు. అందుకని 1457లోనే స్కాట్లాండ్ పార్లమెంటు ఒక చట్టం చేసింది: చేసినవాడి ముద్రతో పాటు కంసాలుల సంఘం పెద్ద ముద్ర కూడా ఉండాలి. 1485లో ఊరి ముద్ర కూడా ఉండాలన్నారు. ఎడిన్‌బరోలో పరీక్షా కార్యాలయం ఏర్పడింది, 1681 నుంచి ఏ సంవత్సరంలో చేశారో తెలిపే అక్షరం కూడా కొట్టారు, 1759లో ముళ్ళపువ్వు గుర్తు చేరింది. కానీ టేన్‌లోని కంసాలి అరడజను చెంచాలు చేసి, వాటిని ముద్ర కోసం కొండలు, ఏటి పాయలు దాటించి ఎడిన్‌బరోకి పంపి, మళ్ళీ తెప్పించుకునేదెలా? దారిలో దొంగల భయం, పైగా ఖర్చు. చెంచాలు చేయించినవాడు పెళ్ళి ముహూర్తం దగ్గర పడుతోందని గుమ్మంలో నిలబడి ఉంటాడు. అందుకని ఊళ్ళవాళ్ళు తమ ముద్రలు తామే చేసుకున్నారు. చాలా ఊళ్ళలో కంసాలులకు విడిగా సంఘం పెట్టుకునేంత మంది లేరు. కమ్మరులు, జీను పనివాళ్ళు, తుపాకుల పనివాళ్ళతో కలిసి సుత్తి పనివాళ్ళ సంఘంలో ఉండేవాళ్ళు. ఏ ప్రభుత్వ పరీక్షా లేని ఆ వెండికి ఊరి పేరే పూచీ.

ఆ పేర్లు కొట్టిన తీరు చూడాలి. చెంచా తిప్పితే కాడ వెనకాల, మినపగింజంత చోటులో అక్షరాలు. ఇన్వర్నెస్ అయితే మూడక్షరాలు, ఎల్గిన్ అయితే మూడు, అబర్డీన్ అయితే మూడు. టేన్, విక్ పేర్లు చిన్నవి కాబట్టి పూర్తిగా పట్టాయి. కొన్ని ఊళ్ళు బొమ్మలు వాడాయి. మాంట్రోజ్‌ది గులాబీ. డండీది లిల్లీ పూల కుండ. పర్త్‌ది మొదట జెండా పట్టిన గొర్రెపిల్ల, తరువాత రెండు తలల గద్ద. ఓడరేవు గ్రీనక్‌ది లంగరు. ఆర్బ్రోత్‌ది కోట తలుపుగా దించే ఇనుప జాలి. వీటన్నిటిలో నన్ను ఎక్కువసేపు ఆపేది ఇన్వర్నెస్ ముద్ర. మూడక్షరాలతో పాటు కొన్నిటి మీద ఒంటె కూడా ఉంటుంది. ఆ హైలాండ్ పట్టణం చిహ్నానికి ఒకవైపు ఒంటె, మరోవైపు ఏనుగు కాపు కాస్తుంటాయి. మధ్యయుగాల్లో తూర్పు దేశాలతో సాగిన వ్యాపారానికి అది గుర్తని అక్కడివాళ్ళు చెబుతారు.

ఆ ఊరి పక్క డునేన్ కుటుంబంవాడే కల్నల్ విలియం బెయిలీ. 1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో అతని దళాన్ని హైదర్, టిపు తుడిచిపెట్టారు. బెయిలీ 1782లో శ్రీరంగపట్నం చెరలో చనిపోయాడు. అతని సమాధి మంటపం అక్కడ ఇప్పటికీ ఉంది, అతని పేరుతో పిలిచే నేలమాళిగ చెరసాల కూడా ఉంది. పొల్లిలూరులో అతనికి సాయం అందించలేకపోయాడని నింద మోసిన సర్ హెక్టర్ మన్రోది టేన్ వైపు. 1781లో నాగపట్నాన్ని డచ్చివాళ్ళ నుంచి పట్టుకున్న మన్రో, ఇంటికి వెళ్ళాక ఆల్నెస్ పైనున్న ఫైరిష్ కొండ మీద నాగపట్నం ద్వారానికి నకలు కట్టించాడు. 453 మీటర్ల ఎత్తున, గడ్డి కొండ నెత్తిన, మన సముద్రతీరపు ద్వారం నిలబడి ఉంది. అక్కడి నుంచి టేన్ ఎంతో దూరం లేదు. టేన్‌లో ఆ శతాబ్దంలో హ్యూ రాస్ అనే పేరుగల వెండి పనివాళ్ళు ఉండేవాళ్ళు. అలెగ్జాండర్ స్టువర్ట్ అనే మరో పనివాడు ఇన్వర్నెస్‌లోనూ టేన్‌లోనూ పని చేశాడు. వాళ్ళ చెంచాలు ఇవాళ వేలంలోకి వస్తే వెండి తూకం ఎవరూ చూడరు.

తూకం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. అప్పటి పెద్ద చెంచా పొడవు సుమారు 22 సెంటీమీటర్లు, బరువు మన లెక్కలో అయిదారు తులాలు. టీ చెంచా దాదాపు తులం. వెండి కడ్డీని కొలిమిలో కాల్చి, దాకలి మీద సాగగొట్టి, గుంటను అచ్చులో దించి, ఆకురాయితో అంచులు దిద్దేవాళ్ళు. వెండి తరచుగా కొనేవాడే తెచ్చేవాడు, పాత నాణేలో, విరిగిన వస్తువులో. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో కాడ చివర పైకి వంగి ఉండేది, చెంచాను బల్ల మీద బోర్లా పెట్టేవాళ్ళు. అందుకే పేరులోని పొడి అక్షరాలు వెనక వైపు చెక్కి ఉంటాయి. తరువాత కాడ కిందికి వంగింది, చెంచా వెల్లకిలా పడుకుంది, అక్షరాలు ముందుకు వచ్చాయి. పంతొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి ఫిడిలు ఆకారపు కాడ ఊరూరా పాకింది. ఫిడిలు భుజాలు తీసేస్తే మిగిలే తెడ్డు ఆకారం మాత్రం స్కాట్లాండ్ కంసాలులకు ప్రత్యేకంగా ఇష్టమైనది. వేడి నీళ్ళు, పంచదార కలిపిన విస్కీని పెద్ద గిన్నె నుంచి గ్లాసుల్లోకి వంచే పొడుగు కాడ గరిటెలు కూడా అప్పుడే ఇంటింటా చేరాయి.

మన పెళ్ళి సామాను గిన్నెల మీద పేర్లు కొట్టించినట్టే వాళ్ళూ చెంచాల మీద కొట్టించారు. అయితే అక్కడ ఒక విశేషం ఉంది. స్కాట్లాండ్‌లో పెళ్ళయ్యాక కూడా ఆడవాళ్ళు పుట్టింటి పేరు వదులుకునేవాళ్ళు కాదు. అందుకని చాలా చెంచాల మీద రెండు జతల అక్షరాలు ఉంటాయి, భర్తవి ఒక జత, భార్యవి ఒక జత. ఏ సైన్యం జాబితాలోనూ చేరని ఆడవాళ్ళ పేర్ల మొదటి అక్షరాలు అలా మిగిలాయి. నాకు ఈ వెండి మీద మమకారం కలిగించింది ఆ రెండో జత అక్షరాలే. యుద్ధ చరిత్రల్లో ఎల్గిన్ ఒక రెజిమెంటు పుట్టిన చోటు మాత్రమే. చెంచా తిప్పి చూస్తే అది పెళ్ళిళ్ళు జరిగిన ఊరు, సూప్ తాగిన ఊరు.

1836లో వచ్చిన చట్టంతో ఊళ్ళ ముద్రల కథ ముగింపుకొచ్చింది. ఎడిన్‌బరో గానీ, 1819లో తెరిచిన గ్లాస్గో కార్యాలయం గానీ పరీక్షించనిదే వెండి అమ్మకూడదన్నారు. కొందరు పల్లె పనివాళ్ళు ఆ తరువాత కూడా పాత అలవాటు మానలేదు. దక్షిణ భారతంలో అప్పట్లో అసలు అలాంటి కార్యాలయమే లేదు. మద్రాసులో జార్జ్ గార్డన్ కంపెనీ, దాని నుంచి 1849లో వచ్చిన పి. ఓర్ అండ్ సన్స్ ఫిడిలు చెంచాలు చేయించి తమ సొంత ముద్రలు కొట్టుకున్నాయి. సుత్తి పట్టింది ఇక్కడి కంసాలులే. మద్రాసు, కలకత్తా ముద్రలను చూసి స్కాట్లాండ్ ఊళ్ళ ముద్రలని పొరబడడం సేకరణ లోకంలో ఎప్పుడూ జరిగేదే. టేన్ చెంచా అనుకున్నది మద్రాసు మౌంట్ రోడ్డుదిగా తేలితే కొందరు బాధపడతారు. మన వైపు నుంచి చూస్తే అది సంతోషించవలసిన సంగతి, ఆ చేతిపని అంత దగ్గరగా ఉందన్నమాట.

కొనదలచినవాళ్ళు ముందు చూడవలసింది గుంట అంచు. కుడిచేత్తో గిన్నె అడుగు గీకీ గీకీ చెంచా మొన ఒక పక్కకు అరిగిపోతుంది. ఆ అరుగుదలను కత్తిరించి గుండ్రం చేసినవి పొట్టిగా కనిపిస్తాయి, వాటికి విలువ తక్కువ. అక్షరాలు చెరిపేసిన చోట కాడ పలచబడుతుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ముద్రలున్న ముక్కను వేరే వస్తువులో అతికించే మోసాలూ ఉన్నాయి, ఆవిరి ఊది చూస్తే అతుకు గీత బయటపడుతుంది. అరుదైన ఊరి పెద్ద చెంచా ఒక్కటే వందల పౌండ్లు పలుకుతుంది. అబర్డీన్, పర్త్ టీ చెంచాలతో మొదలుపెట్టడం తేలిక, అవి ఎక్కువ దొరుకుతాయి. మన దేశంలో దొరికిన నూరేళ్ళు దాటిన పాతవస్తువులను అనుమతి లేకుండా విదేశాలకు పంపడం 1972 చట్టం ప్రకారం నేరమని గుర్తుంచుకోవాలి.

చూడడానికే అయితే ఎడిన్‌బరోలో ఛేంబర్స్ స్ట్రీట్‌లోని జాతీయ మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. టేన్ ఊరి మ్యూజియం తన ఊరి వెండిని గర్వంగా దాచుకుంది. ఇన్వర్నెస్ మ్యూజియంలో ఒంటె ముద్ర చూడవచ్చు. దేవనహళ్ళికి బెంగళూరు నగరం మధ్య నుంచి బళ్ళారి రోడ్డు మీదుగా నలభై కిలోమీటర్లలోపే. చిక్కబళ్ళాపురం వెళ్ళే బస్సులు ఆగుతాయి, యలహంక నుంచి చిక్కబళ్ళాపురం వెళ్ళే రైలు మార్గంలో స్టేషన్ కూడా ఉంది. కోటకు టికెట్ లేదు. లోపల జనం కాపురాలున్నాయి కాబట్టి ఉదయం పూట, ఇళ్ళకు ఇబ్బంది కలగకుండా నడవడం మంచిది. బురుజు మెట్లకు చేతి పట్టు ఉండదు, వాన రోజుల్లో జాగ్రత్త. టిపు జన్మస్థలం మంటపం కోట బయట నడక దూరంలో ఉంది. నంది కొండ కూడా చూడాలనుకుంటే పాతిక కిలోమీటర్లలోపే, కానీ ఆదివారం పొద్దున కొండ దారిలో వాహనాల వరుస పొడుగ్గా ఉంటుంది. మామూలు రోజు ఎంచుకోండి.