వ్రాసేవారు, వ్రాయించేవారు

వ్రాయడం ఒక విద్య. వ్రాయించుకోవడం కూడ ఒక విద్యయే. మొదటిదానిని గురించి మన పాఠ్యగ్రంథాలు ఎంతో చెబుతాయి. రెండవదానిని గురించి చెప్పేవారు అరుదు. నేడు దుకాణాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు తమ ప్రకటనలను, కరపత్రాలను, పరిచయ వ్యాసాలను, వార్షిక నివేదికలను సైతం మాటకింత అని కూలి కట్టి వృత్తిరచయితల చేత వ్రాయిస్తున్నాయి. ఇది మంచి పద్ధతియేనా అన్నది విద్యార్థులకూ, కళాశాల పాలకవర్గానికీ పనికివచ్చే ప్రశ్న. దానికి సమాధానం మన జిల్లాల చరిత్రలోనే దొరుకుతుందని మేము తలుస్తున్నాము.

శ్రీకాకుళం ఒకప్పుడు చికాకోలు సర్కారుకు ముఖ్యపట్టణం. గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు నేటికీ ఆ కాలానికి సాక్షిగా నిలిచి ఉన్నది. నాటి దొరతనం ఎక్కువగా పారసీకంలో నడిచేది. తెలుగు రైతు మొర పారసీక కాగితమై దివాణం చేరాలంటే నడుమ ఒక మున్షీ ఉండక తప్పదు. మున్షీ అంటే అరబ్బీలో రచించేవాడని అర్థం. మన ఉర్దూ విద్యార్థులు వ్యాసరచనకు వాడే ‘ఇన్షా’ అనే మాటకూ, దీనికీ ధాతువు ఒక్కటే. 1766లో నిజాముతో జరిగిన సంధితో ఈ సీమ కుంపిణీవారి పరమైనది. దొరలు మారినా వ్రాతగాళ్ల అవసరం మాత్రం తీరలేదు. అర్జీ, దస్తావేజు, దస్కతు, రసీదు, ముసాయిదా వంటి మాటలు కచేరీల నుండి తెలుగు ఇండ్లలోకి వచ్చి స్థిరపడినవే.

వీటిలో ‘ముసాయిదా’ను కొంచెం పరిశీలించవలసి ఉన్నది. దాని మూలరూపానికి అరబ్బీలో ‘నల్లచేయబడినది’ అని అర్థం. కొట్టివేతలతో, దిద్దుబాట్లతో సిరా పులుముకొన్న తొలిప్రతి అన్నమాట. శుద్ధప్రతికి ఉర్దూలో ‘ముబయ్యజా’ అని పేరు, అనగా ‘తెల్లచేయబడినది’. తెల్లచేసే పనిని కూలికి ఇవ్వవచ్చును. నల్లచేసే పని మాత్రం ఎవరి విషయమో వారే చేసుకోవాలి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఇంతే.

ఈ సూత్రాన్ని దస్తావేజు లేఖరులు ఆచరణలో ఏనాడో నిలిపినారు. భూమి అమ్మేవాడు విషయం చెబుతాడు. లేఖరి దానిని ఒక పద్ధతిలో పెడతాడు. ఏ గట్టు ఎవరిదో, ఏ చెట్టు మీద ఎవరికి హక్కో, ఏ కాలువ ఎటు పారుతుందో లేఖరికి తెలియదు. తెలిసినవాడు చెప్పకపోతే ఎంత సొగసైన వాక్యమైనా రేపటి వ్యాజ్యానికి బీజమవుతుంది. వ్రాత ముగిసిన తరువాత దానిని చదివి వినిపించాలి. విన్నవాడు సమ్మతించి వ్రాలుగాని, వేలిముద్రగాని వేయాలి. సాక్షులు సంతకాలు చేయాలి. చివర వ్రాసినవారి పేరు ఉండాలి. విషయం చెప్పడం, చదివించుకొని వినడం, బాధ్యత వహించడం, వ్రాసినవానిని మరుగుపరచకపోవడం అనే నాలుగు ధర్మాలూ ఇందులో ఉన్నవి. నేటి సంస్థలు మొదటి రెండింటిని తరచు మరచిపోతున్నాయి.

ఉదాహరణకు పొందూరు ఖద్దరును తీసుకొందాము. ఎక్కడో నగరంలో కూర్చున్న రచయితకు ఆ పని అప్పగిస్తే ‘అపురూపం’, ‘వారసత్వం’, ‘మహోన్నతం’ అనే మాటలు వరుసగా పడతాయి. ఆ మాటలు ఏ ఊరి బట్టకైనా సరిపోతాయి. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని ఏకి, మలినం లేకుండా శుభ్రం చేసి, సన్నని నూలు తీస్తారన్న ముక్క పొందూరుకు మాత్రమే చెందుతుంది. అది నూలు వడికే స్త్రీని అడిగినవారికే తెలుస్తుంది. 1863లో పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తిగారు సవరల భాషను సవరల నోటనే విని నేర్చుకొన్నారు. 1931లో అచ్చయిన వారి సవరభాషా గ్రంథం వెనుక ఎన్నో ఏండ్ల వినికిడి ఉన్నది. ఇతరుల విషయం వ్రాయబూనినవారికి వినడమే మొదటి అర్హత.

ఇతరుల కొలువులో కలం పట్టడం నీచమైన పని ఎంతమాత్రమూ కాదు. విజయనగరంలో మహారాజా కళాశాల అధ్యాపకులైన గురజాడ అప్పారావుగారు సంస్థానంలో శాసన పరిశోధకులుగా పనిచేశారు. 1897లో ఆనందగజపతి మరణించిన తరువాత వారి సోదరి రీవా మహారాణికి ఆంతరంగిక కార్యదర్శి అయినారు. యజమానుల పక్షాన వ్రాయడం కార్యదర్శి ఉద్యోగధర్మం. కాని 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వాడుకభాషను సమర్థిస్తూ సమర్పించిన అసమ్మతి పత్రం వారు తమ పేరిట, తమ వాదంగా వ్రాసినది. ఏది కొలువు కోసం, ఏది తమ కోసం అన్న ఎరుక ఉన్నవానికి రెండు పనులూ గౌరవప్రదములే.

చట్టం కూడ ఈ విషయంలో మౌనం వహించలేదు. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా వ్రాసినదానికి, వేరే ఒడంబడిక లేనప్పుడు, తొలి హక్కుదారు యజమానియే. బయటి రచయిత డబ్బు తీసుకొని వ్రాసినదానికి తొలి హక్కుదారు సాధారణంగా ఆ రచయితయే. ఆ హక్కు సంస్థకు రావాలంటే 19వ సెక్షను కోరినట్లు సంతకంతో కూడిన పత్రం ఉండాలి. అందులో గడువు చెప్పకపోతే అది అయిదు సంవత్సరాలకే పరిమితం. హక్కును పూర్తిగా ఇచ్చివేసినా, రచన తనదని చెప్పుకొనే అధికారం 57వ సెక్షను వలన రచయితకు మిగిలే ఉంటుంది. డబ్బు చెల్లించినంత మాత్రాన అంతా మనదైపోదని పాలకవర్గం వారు గమనింతురుగాక.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, పైకం అడగని లేఖరి సెల్‌ఫోనులోనే కూర్చున్నాడు. అతడు శుద్ధప్రతి తెల్లగానే ఇస్తాడు. కాని చివర సంతకం చేసి ‘ఇది నేను వ్రాసినది’ అని పూచీ పడలేడు. పూచీ అంతా పేరు పెట్టుకొన్నవానిదే.

కళాశాల తన ప్రకటనను వృత్తిరచయితకు అప్పగించవచ్చును. అయితే ఇక్కడి వివరాలు ఇక్కడివారే సమకూర్చి, అచ్చుకు ముందు చదివించుకొని వినాలి. విద్యార్థి వ్యాసం సంగతి వేరు. అక్కడ కావలసినది కాగితం కాదు, వ్రాయడంలో విద్యార్థికి కలిగే ఎరుక. మా విద్యార్థులలో పెక్కుమంది తాతలు తాలూకా కచేరీ ముందు నిలిచి, రుసుము ఇచ్చి, అర్జీ వ్రాయించుకొన్నవారు. వ్రాసినదేమిటో చదువుకొనే వీలు లేక, వ్రాసినవాని మీద నమ్మకంతో వేలిముద్ర వేసినవారు. ఆ ఇండ్ల నుండి కలం చేతబట్టి వచ్చిన తొలితరం మీరు. తొలిప్రతి తప్పులతో నిండినా సరే, ఆ నల్లకాగితాన్ని మీ చేతితోనే వ్రాయండి. దిద్దడానికి మేమున్నాము.