సిడ్నీ స్కోర్లలో షటిల్ సూత్రాలు

ఆస్ట్రేలియన్ ఓపెన్ అనగానే తెలుగు పాఠకులలో ఎక్కువమందికి ఏటా జనవరిలో మెల్‌బోర్న్‌లో జరిగే టెన్నిస్ పోటీలే గుర్తుకు వస్తాయి గాని, అదే పేరుతో సిడ్నీలో జరిగే బ్యాడ్మింటన్ పోటీలలో తెలుగునేల మీద ఆట నేర్చినవారు సాధించిన విజయాలు తక్కువేమీ కావు. హైదరాబాద్‌లో ఆట నేర్చుకున్న సైనా నెహ్వాల్ 2014లో స్పెయిన్‌కు చెందిన కరోలినా మారిన్‌ను, 2016లో చైనాకు చెందిన సున్ యును ఓడించి రెండుసార్లు అక్కడ విజేతగా నిలవగా, గుంటూరుకు చెందిన కిదాంబి శ్రీకాంత్ 2017 జూన్‌లో రియో ఒలింపిక్ విజేత చెన్ లాంగ్‌ను 22-20, 21-16తో ఓడించి పురుషుల టైటిల్ గెలుచుకున్నాడు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు దాదాపు 59 వేల మంది ఉన్నారు. వారిలో వారాంతాల్లో గంటల లెక్కన కోర్టు అద్దెకు తీసుకొని ఈ ఆట మొదలుపెట్టేవారికి పైన చెప్పిన స్కోర్లే మంచి పాఠాలు. ఆ అంకెలు ఎందుకు అలా వచ్చాయో తెలిస్తే ఆట నియమాలలో సగం తెలిసినట్టే.

తెలుగునాట షటిల్ అనే పేరుతో స్థిరపడిన ఈ ఆటకు, జట్టుకు అయిదుగురు చొప్పున ఉన్ని బంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్‌కు పేరులో తప్ప నియమాలలో పెద్దగా పోలిక లేదు. టెన్నిస్‌తో పోల్చి చూస్తే మాత్రం దీని స్వభావం బాగా బోధపడుతుంది. టెన్నిస్‌లో సర్వ్ ఒక ఆయుధం. సర్వ్ చేసే ఆటగాడు బంతిని తలకు ఎంతో ఎత్తున అందుకొని కిందికి కొడతాడు, మొదటిది తప్పితే రెండో అవకాశం కూడా ఉంటుంది. బ్యాడ్మింటన్ నియమాలను రూపొందించినవారు సర్వ్‌కు ఆ బలం దక్కకుండా జాగ్రత్తపడ్డారు. ఇక్కడ షటిల్‌ను కింది నుంచి పైకే కొట్టాలి, అవకాశం ఒక్కటే ఉంటుంది, కాబట్టి పాయింటు సర్వ్‌తో కాక ఆ తర్వాత సాగే ర్యాలీలో, అంటే షటిల్ నేలను తాకేదాకా ఇరువైపులా సాగే కొట్లాటలో తేలుతుంది. ఈ ఆటలోని అందమంతా ఆ ఒక్క నిర్ణయంలో ఉంది.

సర్వ్ చేసే క్షణంలో షటిల్ మొత్తం నేలకు 1.15 మీటర్ల ఎత్తులోపే ఉండాలని 2018 నుంచి అమలవుతున్న నియమం చెబుతోంది. అంతకుముందు నడుము ఎత్తును, అంటే చివరి పక్కటెముక స్థాయిని కొలమానంగా తీసుకునేవారు. పొడుగువారికి, పొట్టివారికి కొలత మారిపోవడం, నిర్ణేత కంటి అంచనాపై ఆధారపడవలసి రావడం వివాదాలకు దారితీయడంతో అందరికీ ఒకే ఎత్తును స్థిరపరచారు. పెద్ద పోటీలలో ఆ ఎత్తును చూసుకోవడానికి సర్వీస్ జడ్జి ముందు ఒక పరికరం ఉంటుంది. మామూలు ఆటలో అటువంటిది ఉండదు కనుక నడుము దాటకుండా సర్వ్ చేయడమే క్షేమం. సర్వ్ పూర్తయ్యేవరకు సర్వ్ చేసేవారి రెండు పాదాలు, అందుకునేవారి రెండు పాదాలు కూడా కొంత భాగమైనా కదలకుండా నేలను ఆనుకొని ఉండాలి, ఎవరి పాదమూ గీతను తాకకూడదు. రాకెట్ ముందుగా ఈకలను కాక షటిల్ అడుగున ఉండే బెండును తాకాలి. షటిల్ నెట్ అంచును తాకుతూ అవతలి సర్వీస్ గడిలో పడితే టెన్నిస్‌లోలాగా మళ్ళీ సర్వ్ చేయనక్కరలేదు; అది చెల్లుతుంది. టెన్నిస్ చూసి అలవాటుపడినవారు ఇక్కడే ఆట ఆపేసి పాయింటు పోగొట్టుకుంటారు.

ఎక్కడి నుంచి సర్వ్ చేయాలన్న ప్రశ్నకు జవాబు స్కోరులోనే ఉంటుంది. సర్వ్ చేసేవారి పాయింట్లు సున్నాగాని సరిసంఖ్యగాని అయితే కుడి గడి నుంచి, బేసిసంఖ్య అయితే ఎడమ గడి నుంచి ఐమూలగా ఎదుటి గడిలోకి సర్వ్ చేయాలి. సింగిల్స్‌లో ఇంతకు మించి చిక్కు లేదు. డబుల్స్‌లో కొత్తవారు తడబడేది పక్కలు మారే విషయంలో: సర్వ్ చేస్తున్న జంట పాయింటు గెలిస్తే ఆ ఇద్దరూ తమలో తాము పక్కలు మార్చుకొని, సర్వ్ చేసినవారే రెండో పక్క నుంచి మళ్ళీ సర్వ్ చేస్తారు; ఎదుటి జంట ఉన్నచోటనే ఉంటుంది. సర్వ్ చేస్తున్న జంట ర్యాలీ ఓడితే ఎవరూ పక్కలు మారరు, పాయింటుతోపాటు సర్వ్ కూడా ఎదుటివారికి వెళ్తుంది, వారి స్కోరు సరిసంఖ్య అయితే కుడివైపున ఉన్నవారు, బేసి అయితే ఎడమవైపున ఉన్నవారు సర్వ్ చేస్తారు. 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడలలో అమలాపురానికి చెందిన సాత్విక్‌సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి రజతం గెలిచిన డబుల్స్ ఆటలు చూసినా, వీధి చివరి కోర్టులో ఆట చూసినా ఈ లెక్క ఒక్కటే.

కోర్టు పొడవు 13.40 మీటర్లు. వెడల్పు డబుల్స్‌కు 6.10, సింగిల్స్‌కు 5.18 మీటర్లు, పక్కల ఉండే రెండు సన్నని పట్టీలు డబుల్స్‌కు మాత్రమే లెక్కలోకి వస్తాయి. నెట్ ఎత్తు స్తంభాల దగ్గర 1.55 మీటర్లు, మధ్యలో 1.524 మీటర్లు. నెట్‌కు 1.98 మీటర్ల దూరంలో ఉండే గీతను దాటి సర్వ్ పడాలి. డబుల్స్ సర్వ్‌కు మాత్రం వెనుక గీతకు 76 సెంటీమీటర్లు లోపల మరో హద్దు ఉంది, అంటే డబుల్స్ సర్వీస్ గడి వెడల్పుగా పొట్టిగా, సింగిల్స్ గడి సన్నగా పొడవుగా ఉంటుంది. సర్వ్ తీసుకున్న వెంటనే ఆ లోపలి హద్దు రద్దవుతుంది. గీతలు కోర్టులో భాగమే కాబట్టి గీతపై పడిన షటిల్ లోపల పడినట్టే. ఆస్ట్రేలియాలోని చాలా క్రీడామందిరాలలో ఒకే చెక్క నేల మీద బాస్కెట్‌బాల్, నెట్‌బాల్, వాలీబాల్ గీతలు కూడా వేర్వేరు రంగులలో ఒకదానిపై ఒకటి పరచుకొని ఉంటాయి. ఆట మొదలుపెట్టకముందే బ్యాడ్మింటన్ గీతల రంగు ఏదో ఇరుపక్షాలూ చూసుకోకపోతే ప్రతి రెండో పాయింటుకు తగవు తప్పదు.

ఇక స్కోరు విషయానికి వస్తే, మూడు గేములలో రెండు గెలిచినవారిది మ్యాచ్. గేముకు 21 పాయింట్లు. ఎవరు సర్వ్ చేసినా ర్యాలీ గెలిచినవారికే పాయింటు దక్కే ఈ పద్ధతి 2006లో వచ్చింది. పుల్లెల గోపీచంద్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆడిన నాటికి సర్వ్ చేస్తున్నవారికి మాత్రమే పాయింటు దక్కే పాత పద్ధతి ఉండేది, పురుషుల గేము 15 పాయింట్లకు సాగేది, అందువల్ల ఎంతసేపు ఆడినా అంకె కదలని సందర్భాలు ఉండేవి. కొత్త పద్ధతిలో ప్రతి తప్పుకూ మూల్యం ఉంది. ఇద్దరూ 20కి చేరితే రెండు పాయింట్ల ఆధిక్యం వచ్చేవరకు గేము సాగుతుంది. శ్రీకాంత్ మొదటి గేము 22-20 కావడానికి కారణం ఇదే. గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల మహిళల ఫైనల్లో పి.వి. సింధుపై సైనా 21-18, 23-21తో గెలిచినప్పుడు రెండో గేము ఇంకా ముందుకు సాగింది. ఇద్దరూ 29కి చేరితే మాత్రం 30వ పాయింటు గెలిచినవారిదే గేము. సైనా 2016 సిడ్నీ ఫైనల్ స్కోరు 11-21, 21-14, 21-19: మొదటి గేము అంత తేడాతో పోయినా తర్వాతి గేము సున్నా నుంచి మొదలవుతుంది కనుకనే ఆమెకు కోలుకునే వీలు కలిగింది. ప్రతి గేములో ఒకరు 11కు చేరగానే 60 సెకన్లు, గేముల మధ్య 120 సెకన్లు విరామం ఉంటుంది. గేము ముగిసినప్పుడల్లా, మూడో గేములోనైతే 11 దగ్గర కూడా, ఆటగాళ్ళు కోర్టు వైపులు మారతారు. గాలి వాలు, దీపాల వెలుతురు ఒకరికే అనుకూలించకుండా చూడడమే దాని ఉద్దేశం.

ర్యాలీ మధ్యలో పాయింటు పోగొట్టే తప్పును ఫాల్ట్ అంటారు. రాకెట్‌తోగాని శరీరంతోగాని దుస్తులతోగాని నెట్‌ను తాకడం, షటిల్ నెట్ దాటకముందే అవతలికి చేయి చాచి కొట్టడం, షటిల్ ఒంటికి తగలడం, ఒకే జంటలోని ఇద్దరూ వరుసగా కొట్టడం ఫాల్ట్‌లే. పైకప్పుకు తగిలినా ఫాల్టే గాని, దూలాలు కిందికి ఉన్న చోట్ల స్థానికంగా వేరే నియమం పెట్టుకోవడానికి చట్టమే అవకాశమిచ్చింది. ఎవరి తప్పూ లేకుండా ఆట చెడితే, ఉదాహరణకు పక్క కోర్టు షటిల్ లోపలికి వచ్చినా, అందుకునేవారు సిద్ధంగా లేకముందే సర్వ్ చేసినా, దానిని లెట్ అని ప్రకటించి ఆ ర్యాలీని మళ్ళీ ఆడతారు. అయితే సిద్ధంగా లేనివారు షటిల్‌ను కొట్టడానికి ప్రయత్నించినట్టయితే సిద్ధంగా ఉన్నట్టే లెక్క.

షటిల్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. 16 ఈకలను బెండులో గుచ్చి తయారుచేసే ఈక షటిల్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు మాత్రమే కావడంతో గాలి సాంద్రత దానిపై వెంటనే ప్రభావం చూపుతుంది. మెల్‌బోర్న్ జూలై చలిలో బరువెక్కిన గాలిలో షటిల్ త్వరగా ఆగిపోతుంది, విజయవాడ వేసవిలో అదే షటిల్ వెనుక గీత దాటిపోతుంది. అందుకే షటిళ్ళను వేగాన్ని బట్టి వేర్వేరు రకాలుగా అమ్ముతారు. చట్టం చెప్పిన పరీక్ష తేలికైనది: వెనుక గీత మీద నిలబడి కింది నుంచి పూర్తి బలంతో కొడితే షటిల్ అవతలి వెనుక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల లోపల పడాలి. కొత్తవారికి ఖర్చు తక్కువయ్యే నైలాన్ షటిల్ సరిపోతుంది. బూట్లకు మాత్రం నేలపై మరక పడని అడుగు ఉండాలి.

కొత్తగా ఆట మొదలుపెట్టినవారు ప్రతి సర్వ్‌కు ముందు, సర్వ్ చేసేవారి పాయింట్లను మొదట, ఎదుటివారి పాయింట్లను తరువాత, అందరికీ వినిపించేలా పైకి చెప్పాలి. ఏ పక్క నుంచి ఎవరు సర్వ్ చేయాలో ఆ మొదటి అంకే చెబుతుంది.