పాత కలపలో చేవ : ఆరుబయటి కట్టడాలకు యోగ్యతా నిర్ణయం (దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పరిసరాల నేపథ్యం)

కీలక పదాలు: చేవ, రసదారువు, పాత కలప, వృత్తిపదాలు, ఎల్.బి.నగర్.

1. ప్రస్తావన

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ వరకు గల కాలనీలలో స్వతంత్ర గృహాలు కూలి, వాటి స్థానంలో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఇటుక, సిమెంటు శిథిలాలుగా పోగా దర్వాజాలు, తలుపులు, కిటికీ చట్రాలు తిరిగి అమ్మకానికి వస్తాయి. పాత మిద్దెలు కూలినప్పుడు దూలాలు, దంతెలు కూడా లభిస్తాయి. ఒక ఇంట వాడిన కర్రను మరొక ఇంటి ద్వారబంధానికి వాడరాదనే నమ్మకం మన సమాజంలో ఉంది. అందువల్ల ఈ కలపను డాబా మీది పందిరికో, గేటుకో, పెరటి బల్లకో కొనేవారు ఉన్నారు. అంటే ఎండావానలు నేరుగా తగిలే చోటికే అది చేరుతున్నది.

కొనుగోలుదారు సాధారణంగా అడిగే ప్రశ్న “ఇది టేకేనా?” అన్నది. ఆ ప్రశ్న అవసరమే కాని చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వడ్రంగుల నోట వినిపించే ‘చేవ’ అనే మాట అంతకంటె నిక్కమైన ప్రమాణం.

2. చేవ : పదం, పదార్థం

చెట్టు నడిమి గట్టి భాగం, బలం, ధైర్యం అనే అర్థాలు చేవకు ప్రసిద్ధం. ‘చేవ గల మనిషి’ అన్నప్పుడు మనం వాడేది వడ్రంగి మాటనే. వృక్షశాస్త్రం దీనిని చేవదారువు లేదా అంతర్దారువు అంటుంది. దాని చుట్టూ లేతరంగులో ఉండే భాగం రసదారువు. బతికి ఉన్న చెట్టులో ఇది నీటిని మోస్తుంది, పిండిపదార్థాన్ని నిలువ చేస్తుంది. కాలక్రమంలో లోపలి పొరలు నిర్జీవమై, పురుగులకూ బూజులకూ గిట్టని పదార్థాలతో నిండుతాయి. అదే చేవ. ఈ మార్పు చెట్టు బతికి ఉండగా జరగవలసిందే. నరికిన తరువాత ఎన్నేళ్లు ఎండినా రసదారువు చేవ కాదు. “పాతది కాబట్టి గట్టిది” అనే మాటలో అర్ధసత్యమే ఉంది: బాగా ఆరిన పాత కర్ర వంకర తిరగడం తక్కువ, అంతే.

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 401 కలప మన్నికను మూడు తరగతులుగా విభజించింది. మట్టిలో పాతిన కొయ్యముక్కలు సగటున 120 నెలలు, అంతకు మించి నిలిస్తే మొదటి తరగతి. 60 నుంచి 120 నెలలైతే రెండవది. 60 నెలల లోపైతే మూడవది. టేకు మొదటి తరగతిలో, మామిడి మూడవ తరగతిలో ఉన్నాయి. అయితే ఈ విభజన చేవకే వర్తిస్తుంది. ఏ చెట్టు రసదారువైనా, టేకుదైనా, త్వరగా నశించేదే. బర్మా, బల్లార్షా అని అమ్మకందారు చెప్పే పేర్లు కలప పుట్టిన చోటును సూచిస్తాయి కాని చేతిలోని ముక్కలో చేవ ఎంతో చెప్పవు.

3. పరీక్షించే తీరు

రంగు, దుమ్ము పేరుకున్న పైభాగాన్ని చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు. అమ్మకందారు అనుమతితో కర్ర కొనను పదునైన ఉలితో నున్నగా కోయాలి. టేకులో ప్రతి వలయారంభంలో పెద్ద రంధ్రాలు వరుసగా కనిపిస్తాయి. తాకితే జిడ్డుగా ఉండి, తోలును తలపించే వాసన వస్తుంది. సాల్ అంతకంటె బరువు. భూతద్దంలో తెల్లని సన్నని గీతలు వలయాలుగా అగుపిస్తాయి. వేగిస పొట్టును గ్లాసు నీటిలో వేస్తే ఆ నీరు వెలుగులో నీలిఛాయతో మెరుస్తుంది. ఈ చివరి పరీక్షకు ఏ పరికరమూ అక్కరలేదు.

ఆ కోతలోనే చేవకూ రసదారువుకూ నడుమ రంగుల సరిహద్దు తెలుస్తుంది. కర్ర అంచు వెంబడి మాత్రమే గుండుసూది తలంత రంధ్రాలు, మెత్తని పిండి ఉంటే పురుగు రసదారువును తిన్నదని అర్థం. అటువంటి అంచును కోసివేయగా మిగిలే చేవ పనికి వస్తుందేమో చూడాలి, మొత్తం కర్రను తిరస్కరించనక్కరలేదు. నడిభాగమే డొల్లైతే మాత్రం వదిలివేయడం మేలు.

దర్వాజా నిలువు కర్రల అడుగుభాగం ప్రత్యేకంగా పరిశీలించదగినది. ఇల్లు కడిగిన నీరు, నేల తేమ చేరేది అక్కడే. ఉలి మొనతో చిన్న పేడును పైకి లేపితే మంచి కర్ర పొడవుగా చీలుతుంది, కుళ్లినది పొట్టిగా పుటుక్కున తెగుతుంది.

పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. కనుక పొడిగా గీకడం, కాల్చడం తగదు, తడిపి తీయాలి. పిల్లలు కూర్చునే బల్లకైతే ఇది మరింత ముఖ్యం.

చేవ నిర్ధారణ అయిన కర్రనైనా నేలలో నేరుగా పాతకూడదు. రాతి దిమ్మె మీదనో ఇనుప పట్టీతోనో నేలకు ఎత్తుగా నిలపాలి. హైదరాబాదు వర్షపాతంలో అధికభాగం జూన్-సెప్టెంబరు నడుమనే కురుస్తుంది. అడ్డంగా కోసిన కొనలు ఆ నీటిని అన్నిటికంటె ఎక్కువ పీల్చుకుంటాయి కాబట్టి, పందిరి వాసాల కొనలకు వానకు ముందే నూనె పట్టించి, పైకొనలను వాలుగా కోయడం అవసరం.