స్ట్రీట్ ఫైటర్ 6: ర్యూతో ఎంత ఆడినా గెలవలేకపోతున్నారా? కాంబోలు కాదు.. ముందు మార్చుకోవాల్సింది ఇదే!

గేమ్ డౌన్‌లోడ్ చేశారు.. ఎప్పటి నుంచో తెలిసిన ర్యూనే ఎంచుకున్నారు.. నాలుగు కాంబో వీడియోలు చూసి, రెండు రోజులు ప్రాక్టీస్ కూడా చేశారు. తీరా ఆన్‌లైన్ ర్యాంక్డ్ మ్యాచ్‌లోకి అడుగుపెడితే వరుసగా ఎనిమిది ఓటములు! నేర్చుకున్న కాంబో ఒక్కసారి కూడా పడలేదు. ఎదుటివాడు చేసిందల్లా ఎగిరి తన్నడమే.

స్ట్రీట్ ఫైటర్ 6 కొత్తగా మొదలుపెట్టిన చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. 'నాకు రిఫ్లెక్స్‌లు లేవు' అని కొందరు గేమ్ పక్కన పెట్టేస్తారు. 'ఈ క్యారెక్టర్‌లో పస లేదు' అని ఇంకొందరు మరో క్యారెక్టర్‌కు మారిపోతారు. నిజానికి చాలాసార్లు లోపం చేతుల్లోనూ ఉండదు, క్యారెక్టర్‌లోనూ ఉండదు. ఏం ప్రాక్టీస్ చేస్తున్నారన్న దాంట్లోనే ఉంటుంది.

అసలు తేడా ఎక్కడ కొడుతోంది?

కాంబో అంటే మొదటి దెబ్బ తగిలాక చేసే పని. ఆ మొదటి దెబ్బ ఎలా తగిలించాలో తెలియకపోతే ఎంత పెద్ద కాంబో వచ్చినా ఉపయోగం ఉండదు. ట్రైనింగ్ మోడ్‌లో బొమ్మ కదలకుండా నిలబడుతుంది. మ్యాచ్‌లో మనిషి నిలబడడు.. ఎగురుతాడు, వెనక్కి జరుగుతాడు, దగ్గరికొచ్చి పట్టుకుని విసిరేస్తాడు. అంటే ముందు నేర్చుకోవాల్సింది 'ఏ బటన్ నొక్కాలి' అని కాదు.. 'ఎదుటివాడు ఇలా చేస్తే ఏం చేయాలి' అని.

క్యాప్‌కామ్ 2023 జూన్ 2న విడుదల చేసిన ఈ గేమ్‌లో ర్యాంక్ ఆటగాడికి కాదు, ఒక్కో క్యారెక్టర్‌కు విడివిడిగా ఉంటుంది. రూకీ నుంచి మాస్టర్ వరకు ర్యూతో ఎక్కిన మెట్లు కెన్‌కు మారితే వెంట రావు. ఓడినప్పుడల్లా క్యారెక్టర్ మార్చేవాళ్లు ప్రతిసారీ మొదటికే రావడానికి ఇదీ ఒక కారణం. కనీసం కొన్ని నెలలైనా ఒక్క క్యారెక్టర్‌తోనే ఉంటే, నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

ర్యూ ఆట మొత్తం ఈ జంటలోనే

1987లో వచ్చిన మొదటి స్ట్రీట్ ఫైటర్ నుంచి ర్యూ చేతిలో ఉన్నవి ప్రధానంగా రెండే ఆయుధాలు. ఒకటి దూరం నుంచి విసిరే నిప్పు బంతి లాంటి 'హడోకెన్'. రెండోది పైకి లేస్తూ గుద్దే 'షోర్యూకెన్'. చాలామంది వీటిని రెండు వేర్వేరు మూవ్‌లుగా చూస్తారు. కానీ ఇవి ఒకే ప్లాన్‌లో రెండు భాగాలు.

దూరం నుంచి హడోకెన్ వేస్తుంటే ఎదుటివాడికి చిరాకు పుడుతుంది. దాన్ని బ్లాక్ చేస్తూ కూర్చుంటే అతని డ్రైవ్ గేజ్ తరుగుతుంది. దాంతో దాటుకుని రావాలని పైకి ఎగురుతాడు. ర్యూకు కావాల్సింది అదే! ఎగిరి వస్తున్నవాడిని షోర్యూకెన్‌తో కింద పడేయడమే ఈ ప్లాన్. అంటే హడోకెన్ పని కేవలం దెబ్బ కొట్టడం కాదు.. ఎదుటివాడిని ఎగిరేలా చేయడం.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. ఒకే లయలో టకటకా హడోకెన్‌లు వేస్తే, ఎదుటివాడు ఆ లయ పట్టేసి సరిగ్గా వేసే క్షణంలో ఎగురుతాడు. ర్యూ చేతులు ఇంకా చాచే ఉంటాయి కాబట్టి షోర్యూకెన్ వేసే టైమ్ దొరకదు. అందుకే లైట్ పంచ్‌తో నెమ్మదిగా వెళ్లేది ఒకసారి, హెవీ పంచ్‌తో వేగంగా వెళ్లేది ఇంకోసారి వేయాలి. మధ్యలో ఒక్కోసారి అసలు వేయకుండా ఆగి చూడాలి. ఈ ఆగి చూడటమే చాలామందికి రాని విద్య.

ఎగిరితే కొట్టాల్సిందే!

కింది ర్యాంకుల్లో ఎక్కువ మ్యాచ్‌లు పోయేది ఎగిరి తన్నే దెబ్బలకే. ఒక జంప్‌కు పట్టే సమయం దాదాపు ముప్పావు సెకను. మనిషి కన్ను చూసి చెయ్యి కదలడానికి సుమారు పావు సెకను పడుతుంది. అంటే టైమ్ సరిపోతుంది. పైగా ఈ గేమ్‌లో గాల్లో ఉన్నవాడు బ్లాక్ చేయలేడు. మరి ఎందుకు కొట్టలేకపోతున్నారు? ఆ క్షణంలో దృష్టి వేరే దానిపై ఉండటం వల్లే. తన కాంబో గురించే ఆలోచిస్తున్నవాడికి ఎదుటివాడు లేచిన సంగతి ఆలస్యంగా కనిపిస్తుంది.

దీనికి ట్రైనింగ్ మోడ్‌లోనే మందు ఉంది. అక్కడి బొమ్మకు మూడు కదలికలు రికార్డ్ చేయాలి. ఒకటి ఎగిరి తన్నడం, రెండోది ముందుకు నడవడం, మూడోది ఊరికే నిలబడటం. వాటిని కలగాపులగంగా ప్లే అయ్యేలా సెట్ చేసి, మధ్యలో హడోకెన్ వేస్తూ ఉండాలి. బొమ్మ ఎగిరినప్పుడు మాత్రమే షోర్యూకెన్ పడాలి. ముందుకు, కిందకు, కింద నుంచి ముందు మూలకు, ఆపై పంచ్.. ఈ కదలిక మొదట్లో తడబడుతుంది. అప్పటివరకు కూర్చుని హెవీ పంచ్ కొట్టినా చాలా జంప్‌లు ఆగుతాయి. దెబ్బ కాస్త తక్కువైనా.. ఎగిరితే తిప్పలేనన్న భయం ఎదుటివాడికి మొదలవుతుంది.

కదలికలు అస్సలు కుదరనివాళ్లకు 'మోడర్న్' కంట్రోల్ ఉంది. ఒక్క బటన్‌తో షోర్యూకెన్ వచ్చేస్తుంది. అయితే అలా వేసిన స్పెషల్ మూవ్‌కు డ్యామేజ్ 20 శాతం తగ్గుతుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.. చేతికి ఏది కుదిరితే అదే కరెక్ట్.

ఫ్రేమ్ లెక్క అంటే ఏంటి?

గేమ్‌లో ఒక సెకనుకు 60 ఫ్రేమ్‌లు. ప్రతి దెబ్బకూ మూడు దశలుంటాయి. చెయ్యి లేవడం, దెబ్బ తగిలే క్షణం, చెయ్యి వెనక్కి రావడం. ఎదుటివాడు బ్లాక్ చేశాక ఎవరు ముందు కదలగలరన్నదే అసలు లెక్క. ఆ లెక్క తెలిస్తే 'ఇప్పుడు ఎవరి వంతు' అన్నది తెలిసిపోతుంది.

ఉదాహరణకు ర్యూ షోర్యూకెన్‌ను ఎదుటివాడు బ్లాక్ చేశాడనుకుందాం. ర్యూ తేరుకునేలోపు అతనికి 20 ఫ్రేమ్‌లకు పైగా, అంటే సెకనులో మూడో వంతు ఖాళీ దొరుకుతుంది. అతి వేగమైన లైట్ పంచ్‌కు 4 ఫ్రేమ్‌లు చాలు. అంటే ఎంత పెద్ద దెబ్బ అయినా తీరిగ్గా కొట్టేయొచ్చన్నమాట. అలా తగిలితే స్క్రీన్‌పై 'పనిష్ కౌంటర్' అని పడుతుంది.. ఆ మొదటి దెబ్బకు డ్యామేజ్ కూడా పెరుగుతుంది. కింద పడి లేస్తూ కంగారులో షోర్యూకెన్ నొక్కేసే అలవాటు ఎంత ఖరీదైనదో ఈ లెక్కే చెబుతుంది.

మొత్తం పట్టికలు బట్టీ పట్టాల్సిన పని లేదు. ట్రైనింగ్ మోడ్‌లో 'ఫ్రేమ్ మీటర్' ఆన్ చేస్తే రంగుల గీతలుగా కనిపిస్తుంది. తరచూ ఎదురయ్యే ఐదారుగురు క్యారెక్టర్ల నుంచి ఒక్కో పెద్ద మూవ్ తీసుకుని, దాన్ని బ్లాక్ చేశాక ర్యూ ఏం కొట్టగలడో చూసుకుంటే చాలు.

రెండే రెండు కాంబోలు చాలు

మొదట్లో పొడవాటి కాంబోలతో పని లేదు. దగ్గరగా ఉన్నప్పుడు కూర్చుని లైట్ పంచ్ రెండుసార్లు, వెంటనే లైట్ షోర్యూకెన్. ఎదుటివాడి పెద్ద మూవ్ వృథా అయినప్పుడు కూర్చుని హెవీ పంచ్, దాని వెంటే హెవీ షోర్యూకెన్. ఈ రెండూ నిద్రలో లేపినా పడేలా ఉంటే చాలు. మొదటిదాంట్లో ఒక జాగ్రత్త ఉంది. లైట్ పంచ్‌లు తగిలాయని కంటితో చూశాకే షోర్యూకెన్ వేయాలి. బ్లాక్ అయితే అక్కడితో ఆగిపోవాలి. పదిసార్లలో పది కాంబోలు వేయడం ప్రాక్టీస్ కాదు.. ఆగాల్సిన చోట ఆగడం అసలు ప్రాక్టీస్.

ఆ ఆరు గడులే ప్రాణం

రౌండ్ మొదట్లో లైఫ్ బార్ కింద ఆరు గడుల డ్రైవ్ గేజ్ నిండుగా ఉంటుంది. కొత్తవాళ్లు దీన్ని ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెట్టేస్తారు. అది ఖాళీ అయితే 'బర్నౌట్'.. అప్పుడు స్పెషల్ మూవ్‌లను బ్లాక్ చేసినా లైఫ్ తగ్గుతుంది. ఆ స్థితిలో గోడ దగ్గర 'డ్రైవ్ ఇంపాక్ట్' తగిలితే, బ్లాక్ చేసినా సరే కళ్లు తిరిగి పడిపోవాల్సిందే.

డ్రైవ్ ఇంపాక్ట్ అంటే రంగులు చిమ్ముతూ వచ్చే పెద్ద గుద్దు. తగలడానికి 26 ఫ్రేమ్‌లు, అంటే అర సెకను కన్నా కాస్త తక్కువ పడుతుంది. చూసి తిరిగి మన ఇంపాక్ట్ వేస్తే ఆలస్యంగా వేసినవారిదే పైచేయి. వరుసగా బటన్లు నొక్కుతూ ఉన్నవాడికి ఇది కుదరదు. నొక్కడం ఆపి చూసేవాడికే కుదురుతుంది.

ఓటమిని మళ్లీ చూడాలి

గేమ్‌లోనే పాత మ్యాచ్‌ల రీప్లేలు ఉంటాయి. వాటిలో ఎవరు ఏ బటన్ నొక్కారో, ఫ్రేమ్ మీటర్‌తో సహా కనిపిస్తుంది. ఓడిన మ్యాచ్‌ను ఒక్కసారి చూసి ఒకే ప్రశ్న వేసుకోవాలి. లైఫ్ ఎక్కువగా ఎందుకు పోయింది? జంప్‌ల వల్లా, పట్టి విసిరేయడం వల్లా, తొందరపడి వేసిన షోర్యూకెన్‌ల వల్లా? వచ్చిన జవాబే మర్నాటి ప్రాక్టీస్. పది తప్పులు కనిపించినా ఒక్కటే పట్టుకోవాలి. కోపంలో 'ఇంకొక్క మ్యాచ్' అంటూ ఆడితే పాత తప్పే ఇంకా గట్టిపడుతుంది.

వయసు, రిఫ్లెక్స్‌లు అడ్డా?

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు తొలిసారి పతకాలు ఇచ్చారు. అందులో స్ట్రీట్ ఫైటర్ 5 స్వర్ణం గెలిచింది కుర్రాడేమీ కాదు.. దక్షిణ కొరియాకు చెందిన 44 ఏళ్ల కిమ్ గ్వాన్-వూ. అదే ఈవెంట్‌లో భారత్ నుంచి కూడా ఇద్దరు బరిలోకి దిగారు. వేళ్ల వేగమే అన్నీ అయితే 44 ఏళ్ల మనిషి పోడియం పైకి ఎక్కేవాడు కాదు.

2004 ఈవో టోర్నీలో జరిగిన మ్యాచ్ వీడియోను ఫైటింగ్ గేమ్స్ అభిమానులు ఇప్పటికీ షేర్ చేస్తుంటారు. కెన్‌తో ఆడుతున్న జపాన్ ఆటగాడు దైగో ఉమెహారాకు లైఫ్ వెంట్రుకవాసి మిగిలింది. జస్టిన్ వాంగ్ చున్-లీతో సూపర్ మూవ్ వేశాడు. బ్లాక్ చేసినా దైగో ఓడిపోయేవాడే. అతను ఒక్కో దెబ్బకూ సరైన క్షణంలో స్టిక్ ముందుకు నెట్టి, 15 దెబ్బలనూ తప్పించి ఆ రౌండ్ గెలిచాడు. ఆ దెబ్బల లయ ముందే ఒంటబట్టకపోతే అది జరిగే పని కాదు. ఇంకో విషయం.. ఆ టోర్నీ కప్పు దైగోకు దక్కలేదు. రెండో స్థానంతోనే వెనుదిరిగాడు.

రోజుకు గంట చాలు.. ఇలా ఆడితే!

- 10 నిమిషాలు: ఎగిరే బొమ్మను షోర్యూకెన్‌తో కొట్టడం, రెండు వైపుల నుంచీ.
- 10 నిమిషాలు: రెండు కాంబోలు, బ్లాక్ అయితే ఆగడం.
- 30 నిమిషాలు: ర్యాంక్డ్ మ్యాచ్‌లు. లక్ష్యం గెలుపు కాదు.. ఆ రోజు ఎంచుకున్న ఒక్క పని.
- 10 నిమిషాలు: ఓడిన ఒక మ్యాచ్ రీప్లే.

వారం తర్వాత లెక్క చూసుకోవాల్సింది కూడా గెలుపోటములను కాదు. పది జంప్‌లలో ఎన్ని ఆపారన్నదే. వారం కిందట రెండు ఆపినవారు ఈ వారం ఐదు ఆపితే, ర్యాంక్ ఇంకా కదలకపోయినా ఆట మారినట్టే. ర్యాంక్ ఆ వెనకే వస్తుంది.