వంపులు లేని ఉక్కుబండి

అమెరికా దేశమందు టెస్లా కంపెనీవారు విద్యుచ్ఛక్తిచే నడుచు మోటారుబండ్లను నిర్మించుచున్నారు. వారు 2019వ సంవత్సరము నవంబరు 21వ తేదీన సైబర్‌ట్రక్ అను సామానుబండిని ప్రజలకు చూపిరి. దానియందు వంపులు లేవు. రేకుపెట్టెకువలె అంచులును మూలలును మాత్రమే కలవు. చూచినవారు పలువురు నవ్విరి. అయినను ఆ రూపమునకు హేతువు కలదు.

సాధారణముగా మోటారుబండ్లకు పలుచని రేకులను అచ్చులలో నొక్కి వంపులు తెచ్చి, తుప్పు పట్టకుండ రంగు వేయుదురు. టెస్లావారు దీనికి మిక్కిలి కఠినమైన స్టెయిన్‌లెస్ స్టీలును ఎన్నుకొనిరి. దానిని అచ్చున నొక్కినచో యంత్రమే విఱుగునని కంపెనీ అధిపతి ఎలాన్ మస్కు చెప్పెను. కావున తిన్నగా మడువవలసివచ్చెను. రంగుతో పనిలేదు గనుక ఆ వ్యయము తప్పును. మఱియొక హేతువు వర్తకము. సామానుబండ్ల విక్రయమున ఫోర్డు మొదలగు కంపెనీలు చిరకాలముగా స్థిరపడియున్నవి. వారి బండినిబోలిన బండినే తెచ్చినచో క్రొత్తవారిని ఎవరు చూతురు?

ఆలోచన బాగుగనే యున్నది, ఆచరణము కష్టమయ్యెను. పగులదన్న అద్దము ఇనుపగుండు విసరగా ఆ ప్రదర్శనమందే పగిలెను. 39,900 డాలర్లు మొదలు వెల యని చెప్పిరి. 2023 నవంబరు 30న బండ్ల నిచ్చుటకు ఆరంభించునాటికి కనీసపు వెల 60,990 డాలర్లయ్యెను. 2025 మార్చిలో, జిగురుతో అతికించిన వెలుపలి ఉక్కుపట్టీ ఊడునను భయముచే 46,000కు పైగా బండ్లను మరమ్మతునకై పిలిపించిరి.

బాలబాలికలారా, నలుగురు నవ్వుదురని క్రొత్త యత్నమును మానకుడు. కాని యత్నమునకు మెప్పు తెచ్చునది వింతరూపము కాదు. ఇచ్చిన మాటయు, వేసిన అతుకును నిలుచుటయే.